అపలాచియన్ పాత రికార్డింగుల్లో ఫిడేలు, బాంజో: అన్నీ ఒకేలా వినిపిస్తుంటే ఎలా వినాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో అమెరికాలోని అపలాచియన్ కొండల పాత ఫిడేలు, బాంజో రికార్డింగులు ఇరవై దాకా విన్నారు. గరగర, అపశ్రుతి, ఒకే ముక్కను పదిసార్లు తిప్పడం తప్ప మరేమీ పట్టుబడలేదు. కర్ణాటక సంగీతం వినే అలవాటున్న, ఇంట్లో ఫిడేలు కూడా ఉన్న మీకు ఇది ఎందుకు చెవికెక్కడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి, చివరికి ఒక బాంజో కొనుక్కోవచ్చా?

బాణీ మీద కాదు, కమాను (ఫిడేలు తీగల మీద లాగే కర్ర) మీద చెవి పెట్టండి. ఇరవై బాణీలు ఒక్కొక్కసారి వినే బదులు ఒకే బాణీని ఇరవైసార్లు వినండి. ఆ తరవాత అదే బాణీని మరో ఇద్దరి చేతుల్లో వినండి. నా సమాధానం ఇంతే. మిగతాదంతా ఎందుకు అన్నదానికి వివరణ.

నేను వర్జీనియాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పద్దెనిమిదేళ్లుగా పాత టేపులనూ డిస్కులనూ డిజిటల్ రూపంలోకి మార్చే పని చేస్తున్నాను. చిన్నప్పుడు విజయనగరంలో ఆరేళ్లు ఫిడేలు నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఫిడేలు నాయుడుగారు అనే ఊరు అది. ఆ చదువు మొదట నన్ను తప్పుదోవ పట్టించింది. దారి చూపింది కూడా తరవాత అదే.

తప్పుదోవ ఎలాగంటే, నేను ఆలాపన కోసం ఎదురుచూశాను. బాణీ ఒకసారి అయిపోగానే ఇప్పుడు దీన్ని విస్తరిస్తాడు, ఇప్పుడు కొత్త సంగతి వేస్తాడు అని కాచుకున్నాను. వేయడు. ఇవి కచేరీకి కట్టినవి కావు, ఆటకు, అంటే నృత్యానికి, కట్టినవి. చెక్క నేల మీద జంటలు జంటలుగా తిరుగుతుంటే ఫిడేలు మనిషి పావుగంటసేపు ఒకే బాణీని నిలబెట్టాలి. నాట్లు వేసేవాళ్లు ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ ఎత్తుకుంటే ఇంకొకటి పాడరేమని మనం అడగం కదా.

బాణీ కట్టుబడి చాలా వాటిలో ఒకటే. రెండు భాగాలు, ఒక్కొక్కటి ఎనిమిది కొలతలు (పాశ్చాత్య సంగీతంలో ‘బార్’లు), ఒక్కో భాగం రెండేసిసార్లు. మొత్తం 32 కొలతలు. మామూలు ఆట వేగంలో ఒక చుట్టు పూర్తికావడానికి అర నిమిషం పైచిలుకు పడుతుంది. పై తీగల మీద నడిచే భాగాన్ని అక్కడి పెద్దవాళ్లు ‘సన్నది’ అనీ, కింది తీగల మీద నడిచేదాన్ని ‘ముతకది’ అనీ అనేవారు, నేతబట్ట గురించి మాట్లాడుతున్నట్టు. ఈ ప్రాంతపు పాత బాణీల్లో చాలా వాటికి సన్నభాగమే ముందు వస్తుంది. ఎత్తున మొదలై కిందికి దిగుతుంది. పల్లవి తరవాత అనుపల్లవిలో పైకి వెళ్లడానికి అలవాటుపడిన మన చెవికి ఇది తలకిందులు. ఎవరో అనుపల్లవితో పాట ఎత్తుకున్నట్టు నేను చాలాకాలం తడబడ్డాను. మీకు బాణీలు గుర్తుండకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. మొదలు ఎక్కడో తెలియనిది మనసులో నిలవదు.

ఇక కమాను. ఈ వాద్యకారుల్లో చాలామంది ఫిడేలును గడ్డం కింద నొక్కిపట్టరు, ఛాతీకి ఆనించుకుంటారు. ఎడమచేయి ఉన్న చోటనే ఉంటుంది. పనంతా కుడిచేతిది. అందరికీ తెలిసిన మూల లాగుడు ఒక పొడుగు, రెండు పొట్టి. ఛందస్సు చదువుకున్నవారికి ఒక్క మాట చాలు: భ గణం. గురువు, లఘువు, లఘువు. ‘మానవ మానవ మానవ’ అనుకుంటూ బల్ల మీద తట్టి చూడండి. అయితే మనం పద్యం చదివినట్టు ఊనిక గురువు మీద వేయకండి. ‘న’ మీద వేయండి. మానవ, మానవ. ఆ ఎదురు ఊనికే కాళ్లను నేల మీదినుంచి లేపుతుంది.

మంచి వాద్యకారుడు ఈ గణాన్ని రెండు కొలతలకు మించి అలాగే ఉంచడు. ఒక లాగుడును పక్క దెబ్బలోకి సాగదీస్తాడు, రెండు లఘువులను కలిపి ఒకే లాగుడులో మింగేస్తాడు, మూడు దెబ్బలపాటు కమాను దిశ మార్చకుండా నాలుగోదాని మీద విదిలిస్తాడు. మీరు ‘పదిసార్లు అదే ముక్క’ అన్నారే, ఆ పది చుట్లలో కమాను పది రకాలుగా నడిచి ఉంటుంది. స్వరాలు మారవు, ఊపిరి మారుతుంది. వేగాన్ని ముప్పాతికకు తగ్గించి మూడో చుట్టునూ నాలుగో చుట్టునూ పక్కపక్కన పెట్టి వినండి.

దీని విలువ నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది. ఒక చలికాలం నా బల్ల మీదికి ఒక ఇంటి టేపు వచ్చింది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన వంటగదిలో వాయించినది. టేపు బాగానే ఉంది, కాని అడుగున ధన్ ధన్ అని ఏదో మోత. కొత్తగా వచ్చిన శబ్దశుద్ధి సాఫ్ట్‌వేర్ మీద మోజుతో ఆ మోతనంతా తీసేశాను. పై గరగరను కూడా తుడిచేశాను. ఫిడేలు అద్దంలా తేలింది. వారం తరవాత ఆయన మనవరాలు వినడానికి వచ్చింది. రెండు నిమిషాలు విని, హెడ్‌ఫోన్లు తీసి, ‘మా తాత కాలు ఏదీ?’ అని అడిగింది. నేను తీసేసింది ఆయన బూటు చప్పుడు. మడమతో ఒకటి, వేళ్లతో ఒకటి, కమాను ఆగిన చోట సరిగ్గా ఆ కాలు పడుతోంది. పై గరగరతోపాటు కమాను వెంట్రుకలు తీగను కరిచే చప్పుడూ పోయింది. అదృష్టవశాత్తు అసలు ప్రతిని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ముట్టుకోకుండా దాచే పద్ధతి మా దగ్గర ఉంది. ఆమెకు దాన్ని వినిపించాను. ఆ రోజునుంచి ఎక్కడైనా శుద్ధిచేసిన ప్రతి, చేయని ప్రతి రెండూ ఉంటే చేయనిదే వినమని అందరికీ చెబుతున్నాను. గరగర మరీ ఇబ్బందిపెడితే హెడ్‌ఫోన్లు తీసి, గదిలో అవతలి మూల స్పీకరు పెట్టి వినండి. చెవి తనంతట తానే సంగీతాన్ని విడదీసుకుంటుంది.

అపశ్రుతి అన్నారు. ఇక్కడ మీ కర్ణాటక చెవి పనికొస్తుంది. ఈ ఫిడేళ్లలో గాంధారం చాలాసార్లు సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. నిషాదం కూడా అంతే, కైశికి, కాకలి రెండిటికీ మధ్య. పియానో పక్కన పెరిగిన చెవికి అది తప్పు. గమకాలకు అలవాటుపడిన చెవికి అది ఒక స్థానం. ఆ మనిషి ప్రతి చుట్టులోనూ అదే చోట వేలు పెడుతున్నాడా అని గమనించండి. పెడుతుంటే అది ఆయన గాంధారం. పెట్టకపోతే అది నిజంగానే అపశ్రుతి కావచ్చు. ఎనభై దాటినవాళ్ల దగ్గర అలాంటివీ ఉంటాయి, దాచాల్సిన పని లేదు.

శ్రుతి విషయంలో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డ సంగతి ఒకటి చెప్పాలి. పాశ్చాత్య వయోలిన్‌కు నాలుగు తీగలూ వరసగా పంచమాల దూరంలో ఉంటాయి. కొండ ఫిడేలు మనిషి కొన్ని బాణీలకు కింది రెండు తీగలనూ ఒక్కో మెట్టు బిగిస్తాడు. అప్పుడు వచ్చేది స, ప, స, ప. అచ్చం మన ఫిడేలు శ్రుతి! ఆయన ఒక తీగ మీద బాణీ నడుపుతుంటే పక్క తీగ షడ్జమమో పంచమమో అయి మోగుతూ ఉంటుంది. చాలా బాణీల్లో ఆయన రెండు తీగలనూ కావాలనే కలిపి లాగుతాడు. మీకు గందరగోళంగా వినిపించింది బహుశా ఆ పక్క తీగే. దాన్ని తంబురా అనుకుని వెనక్కి నెట్టండి, బాణీ ముందుకు వస్తుంది.

ఇలాంటి శ్రుతులు ఇంకా ఉన్నాయి. 1937లో జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ తన భార్య ఎలిజబెత్‌తో కెంటకీ కొండల్లో తిరిగాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. సాల్యర్స్‌విల్‌లో బిల్ స్టెప్ అనే ఆయన దగ్గర ‘బోనపార్ట్స్ రిట్రీట్’ అనే బాణీని రికార్డు చేశాడు. స్టెప్ ఫిడేలు శ్రుతి స, స, ప, స. అన్నిటికంటే కింది తీగ సడలించిన మంద్ర షడ్జమం, తేనెపట్టులా అడుగున గుమ్మంటూ ఉంటుంది. మిగతావాళ్లు నిదానపు కవాతులా వాయించే బాణీని ఆయన పరుగెత్తించాడు. రూత్ క్రాఫర్డ్ సీగర్ అనే స్వరకర్త ఆ డిస్కును విని ఉన్నదున్నట్టు స్వరలిపిలో రాసింది. ఆ స్వరలిపినుంచే అమెరికన్ స్వరకర్త ఏరన్ కోప్లండ్ 1942లో ‘రోడియో’ అనే బ్యాలే చివరి నృత్యానికి ఎత్తుకున్నాడు. ప్రపంచమంతా కోప్లండ్‌ది వింది. మీరు మొదట కోప్లండ్‌ది విని, వెంటనే స్టెప్‌ది వినండి. వంద వాద్యాల దగ్గర లేనిది ఆ ఒక్క కమాను దగ్గర ఏముందో నేను చెప్పడం కంటే మీకే తెలియాలి.

బాంజో సంగతికి వద్దాం. పాత పద్ధతిలో వేళ్లు కొద్దిగా ముడిచి, చూపుడు వేలి లేదా నడిమివేలి గోటి వెనుకవైపుతో తీగను కిందికి కొడతారు. తరవాత అదే వేలితో తీగలన్నిటినీ ఒకసారి రాస్తారు, వెంటనే బొటనవేలితో పొట్టి అయిదో తీగను మీటుతారు. పొడుగు, పొట్టి, పొట్టి. మళ్లీ మన భ గణమే. ఫిడేలు, బాంజో ఎందుకు అంతగా అతుక్కుంటాయో ఇప్పుడు తెలుస్తుంది. ఆ అయిదో తీగ బాణీతో సంబంధం లేకుండా ఎప్పుడూ తారషడ్జమమో పంచమమో పలుకుతుంది. బ్లూగ్రాస్ అనే తరవాతి శైలి ఇది కాదు. అందులో వేళ్లకు గోళ్లు తొడుక్కుని మూడు వేళ్లతో మీటుతారు, ఒకరి తరవాత ఒకరు వంతులవారీగా ముందుకొచ్చి వాయిస్తారు. బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ 1945 చివర్లో బిల్ మన్రో బృందంలో చేరాక స్థిరపడిన పద్ధతి అది. పాత పద్ధతిలో వంతులు లేవు. అందరూ ఒకే బాణీని మొదటినుంచి చివరిదాకా కలిసి వాయిస్తారు.

బాంజో కొండల్లో పుట్టలేదు. పశ్చిమాఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో, వాళ్ల జ్ఞాపకాల్లో వచ్చింది. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకోంటింగ్ అనే వాద్యానికి సొరబుర్ర, దాని మీద తోలు, ఒక పొట్టి తీగ, గోటితో కిందికి కొట్టే దెబ్బ ఉన్నాయి. అపలాచియన్ సంగీతం స్కాట్లండ్, ఐర్లండ్ వలసవాళ్లు తెచ్చి చెక్కుచెదరకుండా దాచుకున్నదన్న మాట మీకు చాలా చోట్ల కనబడుతుంది. సగమే నిజం. ఆ ఎదురు ఊనిక అక్కడినుంచి రాలేదు. రికార్డుల్లో నల్లజాతి వాద్యకారులు తక్కువగా కనబడటానికి కారణం ఉంది. 1920లలో రికార్డు కంపెనీలు తెల్లవాళ్ల సంగీతానికి ఒక జాబితా, నల్లవాళ్ల సంగీతానికి వేరొక జాబితా నడిపాయి. నల్లవాళ్ల జాబితాలో బ్లూస్ అమ్ముడుపోయేది. ఫిడేలు, బాంజో వాయించే నల్లవాళ్లు రెండిటికీ చెందకుండా పోయారు. అందుకే 1946లో టెనెసీలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేసిన మర్ఫ్ గ్రిబుల్, జాన్ లస్క్, ఆల్బర్ట్ యార్క్ ముగ్గురి వాద్యం నాకు ప్రాణం. లస్క్ ఫిడేలు ముందుకు తోస్తుంటే గ్రిబుల్ బాంజో దాని చుట్టూ దోబూచులాడుతుంది. మొదటి వారంలోనే వినకండి. కమాను పట్టుబడ్డాక వినండి, లేకపోతే సగం జారిపోతుంది. నార్త్ కరొలైనాలోని మెబెన్‌కు చెందిన నల్లజాతి ఫిడేలు వాద్యకారుడు జో థాంప్సన్ (1918–2012) దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్లే తరవాత కరొలైనా చాక్లెట్ డ్రాప్స్ బృందంగా పేరు తెచ్చుకున్నారు. మెబెన్ కొండ ఊరు కాదు, మైదానపు ఊరు. సంగీతం మాత్రం ఆ గీత దగ్గర ఆగలేదు.

వినేటప్పుడు యంత్రం సంగతి కూడా కొంచెం తెలిసి ఉండాలి. టేపు రాకముందు ఊళ్లలో తిరిగి రికార్డు చేసినవాళ్లు కారులో డిస్కు కోసే యంత్రాన్ని మోసుకెళ్లేవారు. అల్యూమినియం పళ్లెం మీద లక్క లాంటి పూత, దాన్ని సూది చెక్కుకుంటూ పోతుంది. ఒక వైపు మూడు నుంచి అయిదు నిమిషాలు. బాణీ అర్ధంతరంగా ఆగితే వాద్యకారుడు ఆపాడనుకోకండి, పళ్లెం అయిపోయింది. బ్యాటరీ నీరసిస్తే యంత్రం నెమ్మదిస్తుంది, అలా కోసిన డిస్కును సరైన వేగంతో తిప్పితే ఫిడేలు పరుగెత్తుతుంది, శ్రుతి పైకి జారుతుంది. కరెంటు పెట్టి చేసిన టేపుల్లో మాకు ఒక సాయం దొరుకుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ దగ్గర సన్నగా గుమ్మంటుంది. ఆ గుమ్మనే చప్పుడు 62 దగ్గర వినబడిందంటే టేపు మూడు శాతం పైగా వేగంగా తిరుగుతోందని లెక్క. పల్లె డిస్కులకు ఆ ఆధారం చాలాసార్లు ఉండదు. పైగా ఆ రోజుల్లో ఇంట్లో ఒంటరిగా వాయించే మనిషి తన ఫిడేలుకు నప్పిన శ్రుతి పెట్టుకునేవాడు. కాబట్టి శ్రుతి అరమెట్టు అటూ ఇటూ ఉందని బుర్ర పాడుచేసుకోకండి.

తాళం వేస్తూ వింటే ఇంకొక చోట తట్టుకుంటారు. ఎనిమిది కొలతలకు ఆదితాళం హాయిగా సరిపోతుంది. వెస్ట్ వర్జీనియాకు చెందిన ఫిడేలు వాద్యకారుడు ఎడెన్ హామన్స్ రికార్డింగులు (1947లో లూయీ చాపెల్ చేసినవి) వింటూ నేనూ అలాగే చేయి వేస్తున్నాను. ఒక బాణీలో ఒక చోట చేయి మిగిలిపోయింది. ముసలాయన తప్పాడు అనుకున్నాను. తరవాతి చుట్టులో అక్కడే, అంతే తప్పాడు. ఆ తరవాతా అంతే. మూడుసార్లు ఒకే చోట తప్పేవాడు తప్పడం లేదు, తప్పింది నేను. ఇలాంటి బాణీలను అక్కడ ‘వంకర బాణీలు’ అంటారు. మాటకు ఎంత చోటు కావాలో అంత ఇచ్చి ముందుకు పోతాయి. వీటికి తాళం వేయడం మానేసి, కాలు మాత్రం ఆడించండి.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి. నా ఓటు ఫిడేలు వాద్యకారుడు హెన్రీ రీడ్‌కు. వర్జీనియాలో గ్లెన్ లిన్ అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. 1884లో పుట్టాడు, 1968లో పోయాడు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అలన్ జబ్బర్ 1966, 1967లలో ఆయన్ను రికార్డు చేశాడు. 184 రికార్డింగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితంగా ఉన్నాయి, ఒక్కో బాణీకి జబ్బర్ స్వయంగా రాసిన వివరణతో. టేపు కాబట్టి గరగర తక్కువ. గిటారు, బాంజోల అడ్డు లేకుండా ఒంటరి ఫిడేలు చాలా దొరుకుతుంది. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు క్విన్స్ డిలియన్ అనే ముసలి పిల్లనగ్రోవి వాద్యకారుడి దగ్గర బాణీలు నేర్చుకున్నాడు. అంటే ఇద్దరు మనుషుల దూరంలో పందొమ్మిదో శతాబ్దం మొదటి సగం ఉంది. అందులో ‘ఓవర్ ద వాటర్‌ఫాల్’ తీసుకోండి. ఈ రోజు ఈ పాత పద్ధతి ఫిడేలు నేర్చుకునే కొత్తవాళ్లు చాలామంది వాయించే ఆ బాణీ బయటికి వచ్చింది ఈయన దగ్గరినుంచే. ఇప్పటివాళ్ల వీడియో ఒకటి చూసి, తిరిగి రీడ్ దగ్గరికి రండి.

రెండో వారం టామీ జారెల్ (1901–1985). నార్త్ కరొలైనాలో టోస్ట్ అనే ఊరు, రోడ్లు చదును చేసే యంత్రం నడిపి పదవీ విరమణ చేశాడు. ఫ్రెడ్ కాకరమ్ బాంజోతో కలిసి వాయించినవి వింటే పైన చెప్పిన రెండు భ గణాలు ఒకదానిలో ఒకటి పళ్లచక్రాల్లా పడటం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. జారెల్ నాన్న బెన్ జారెల్ 1927లో ఒక బృందంతో గెనెట్ అనే రికార్డు కంపెనీకి వాయించాడు. తండ్రినీ కొడుకునూ పక్కపక్కన వినే అవకాశం ఎంతమంది విషయంలో దొరుకుతుంది?

ఆ తరవాత మీ ఇష్టం. ఎడ్ హేలీ అనే అంధ వాద్యకారుడిని మాత్రం వదలకండి. కంపెనీలకు ఎప్పుడూ వాయించలేదు. కొడుకు 1946, 47 ప్రాంతంలో ఇంట్లో కోసిన డిస్కులే మిగిలాయి. గరగర భరించలేనంత ఉంటుంది, కమాను మాత్రం సిల్కు. పాట, గొంతు కావాలంటే డాక్ బాగ్స్, రాస్కో హోల్కమ్. ఆ గొంతులు ముందు కొరకబడవు. నాకు రెండేళ్లు పట్టింది.

ఒక జాగ్రత్త. సేకర్తలు పాతవే అడిగేవారు. ఎదుటివాడు నిన్న రేడియోలో నేర్చుకున్న వాల్ట్జ్ ఎత్తుకుంటే చాలాసార్లు యంత్రం ఆపేసేవారు. కాబట్టి దస్త్రాల్లో ఉన్నది ఆ మనుషులు వాయించినదంతా కాదు, వచ్చినవాళ్లు వినాలనుకున్నది. బాణీకి ముందూ వెనకా మిగిలిపోయిన మాటలు, కుర్చీ కిర్రుమనడం, కుక్క మొరగడం దాటవేయకండి. ఇంకొక చిన్న మాట: దక్షిణపు కొండల్లో అపలాచియా అని ‘చ’తోనే అంటారు, ‘అపలేషియా’ అంటే మొహం చిట్లిస్తారు. మీరు రాసినది సరిగ్గానే ఉంది.

ఇక బాంజో కొనడం. మన ఊళ్లలో సంగీత వాద్యాల దుకాణానికి వెళ్లి బాంజో అని అడిగితే మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్ చేతికిస్తారు. అది వేరే వాద్యం. మీకు కావలసింది అయిదు తీగలది, వెనుక చెక్క మూత లేనిది. నాలుగు తీగల బాంజోలు కూడా ఉన్నాయి, అవి ఈ పద్ధతికి పనికిరావు. ఇంట్లో ఫిడేలు ఉందంటున్నారు కదా, ముందు దానితో మొదలుపెట్టండి. స, ప, స, ప శ్రుతి ఎలాగూ పెట్టే ఉంటుంది. దాన్ని మీకు అలవాటైన తీరులోనే పట్టుకుని, రీడ్ బాణీ ఒకటి ముప్పాతిక వేగంలో పెట్టి, ఎడమచేయి వాడకుండా ఖాళీ తీగల మీద కమాను ఒక్కటే ఆయనతోపాటు లాగి చూడండి.